టెర్రీ లేహీ పద్దు పుస్తకం

2004లో నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో, మా అద్దె ఇంటి తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి మూడు నెలలకొకసారి, బ్రిటన్‌లోని పెద్ద కిరాణా దుకాణాల సంస్థ టెస్కో వారి కవరు ఒకటి లోపలికి పడేది. అందులో మేము చేసిన కొనుగోళ్లకు లెక్కగట్టి ఇచ్చిన రెండు మూడు పౌండ్ల వోచర్లు, వాటి కింద పెరుగు మీద, బంగాళాదుంపల మీద, వంటనూనె మీద ఇంత తగ్గిస్తామని చెప్పే కూపన్లు వరుసగా ఉండేవి. ఇంట్లో ఉన్న ఐదుగురం తెలుగు విద్యార్థులం పాయింట్లు త్వరగా పోగవుతాయని నా ఒక్క టెస్కో పాయింట్ల కార్డు మీదనే సరుకులన్నీ కొనేవాళ్లం. అందువల్ల ఆ కంపెనీ కంప్యూటరు దృష్టిలో మేము ఐదుగురం కాము, వారానికి అన్ని డబ్బాల పెరుగు ఒంటరిగా తినేసే ఒకే ఒక్క విచిత్రమైన మనిషిమి. అయినా ఆ కవరులో మాకు పనికిరాని కూపన్ దాదాపు ఉండేది కాదు.

తెనాలిలో మా పెదనాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఎర్ర బట్ట అట్ట వేసిన ఖాతా పుస్తకం ఆయన గల్లాపెట్టె మీదనే ఎప్పుడూ తెరిచి ఉండేది. ఎవరింట్లోనైనా పంచదార రెండు కిలోలు ఎక్కువ వెళ్తే చుట్టాలొచ్చారని, నెలవారీ సరుకుల చీటీ రాకపోతే ఆ ఇంటివాళ్లు కొత్త కొట్టుకు మళ్లారని ఆయనకు పుస్తకం చూడగానే తెలిసిపోయేది. రెండు వందల ఇళ్ల సంగతి ఒక మనిషి గుర్తుపెట్టుకోవడం సాధ్యమే. కోటి ఇళ్ల సంగతి ఒక కంపెనీ అదే విధంగా గుర్తుపెట్టుకోగలదని నిరూపించినవారిలో ముఖ్యుడు, ఆ టెస్కోను 14 ఏళ్లు నడిపిన టెర్రీ లేహీ. కోవెంట్రీలో ఆ కవర్లు అందుకున్న కాలంలో ఆయన పేరైనా నాకు తెలియదు. ఆ తరువాత చాలా ఏళ్లపాటు ఆయన ఉద్యోగ జీవితాన్ని ఆసక్తితో గమనిస్తూ వచ్చాను. ఆయన సాధించినదంతా ఆ పద్దు పుస్తకాన్ని నమ్ముకొని సాధించినదేనని, ఆ పుస్తకం చేతిలో లేనిచోటనే ఆయనకు దెబ్బ తగిలిందని నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

లేహీ 1956లో లివర్‌పూల్‌లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. నలుగురు అన్నదమ్ములు. నగరపాలక సంస్థ కట్టించిన ఇళ్ల కాలనీలో బాల్యం గడిచింది. సెయింట్ ఎడ్వర్డ్స్ కాలేజీ అనే కాథలిక్ పాఠశాలలో చదివి, తరువాత మాంచెస్టర్‌లోని యూమిస్ట్ అనే విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ శాస్త్రాల పట్టా తీసుకున్నారు. మొదట సహకార దుకాణాల సంస్థ కో-ఆప్‌లో కొంతకాలం పనిచేసి, 1979లో టెస్కో మార్కెటింగ్ విభాగంలో చిన్న ఉద్యోగిగా చేరారు. ఆ తరువాత 32 ఏళ్లపాటు ఆ సంస్థను వదలలేదు. మూడేళ్లకొకసారి కంపెనీ మారకపోతే ఎదుగుదల లేదనుకునే మా తరానికి ఇది కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆయన చేరిన టెస్కో అప్పటికి గొప్ప పేరున్న సంస్థేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన జాక్ కోహెన్ 1919లో తూర్పు లండన్‌లోని హాక్నీ సంతలో బండి పెట్టుకొని, మిగులు సరుకు అమ్మడంతో మొదలైన వ్యాపారం అది. ఆయన 1924లో టీ.ఈ. స్టాక్‌వెల్ అనే వర్తకుడి నుంచి తేయాకు కొన్నప్పుడు, ఆ పేరులోని మొదటి అక్షరాలకు తన ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలు కలిపి టెస్కో అని పేరు పెట్టారు. సరుకును గుట్టగా పోసి చవకగా అమ్మాలన్నది కోహెన్ సూత్రం. అందుకే మధ్యతరగతి గృహిణులు సెయిన్స్‌బరీస్ అనే పోటీ సంస్థ దుకాణాలకు వెళ్లేవారు, టెస్కో సంచీ పట్టుకొని వీధిలో నడవడం నామోషీగా భావించేవారు. 1977లో సంస్థ ఉన్నతాధికారి ఇయాన్ మెక్‌లారిన్ పట్టుబట్టి, కొనుగోలుదారులు పోగుచేసుకొని బహుమతులుగా మార్చుకోవడానికి అప్పటిదాకా ఇస్తున్న గ్రీన్ షీల్డ్ స్టాంపులను ఎత్తివేయించి, ఆ డబ్బుతో ధరలు తగ్గించారు. కోహెన్ 1979లో కన్నుమూశారు. లేహీ చేరింది ఆ సంవత్సరమే.

తరువాతి పదమూడేళ్ల సంగతి త్వరగా చెప్పేయవచ్చు. మెట్టు మెట్టుగా ఎక్కి 1992లో, 36 ఏళ్ల వయసులో, మార్కెటింగ్ డైరెక్టరుగా బోర్డులోకి వచ్చారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది, ఎందుకంటే అప్పుడు టెస్కోకు రోజులు బాగాలేవు. బ్రిటన్‌లో మాంద్యం నడుస్తోంది. జర్మనీకి చెందిన ఆల్డీ 1990లో బర్మింగ్‌హామ్ శివారు స్టెచ్‌ఫర్డ్‌లో తన మొదటి దుకాణం తెరిచి, అట్టపెట్టెల్లోనే సరుకు పెట్టి, అతి తక్కువ ధరలకు అమ్మడం మొదలుపెట్టింది. పైనుంచి సెయిన్స్‌బరీస్, కింది నుంచి ఆల్డీ నొక్కుతుంటే, మధ్యలో టెస్కో అటూ ఇటూ కాకుండా నిలబడింది.

పోటీదారులను ఎలా అనుకరించాలన్న చర్చను పక్కనపెట్టి, మనల్ని వదిలి ఎందుకు వెళ్తున్నారని కొనేవారినే అడుగుదామన్నారు లేహీ. వచ్చిన సమాధానం యాజమాన్యానికి అంత రుచించేది కాదు. మీరు సెయిన్స్‌బరీస్ లాగా కనబడాలని చూస్తున్నారు, మాకు కావలసింది అది కాదు, మా చేతిలో డబ్బు తక్కువగా ఉంది, దానికి తగిన సాయం చేయండి అని జనం చెప్పారు. మన దగ్గర ఏ కొట్టువాడైనా చేయాల్సిన పనే ఇది. అయితే పెద్ద కంపెనీలలో ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి, సమాధానం విని తట్టుకోవడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి.

ఆ సమాధానాల నుంచి పుట్టినవే 1993లో వచ్చిన టెస్కో వాల్యూ సరుకులు. తెల్లటి కాగితం మీద నీలి చారలు తప్ప మరే అలంకారమూ లేని ఆ పొట్లాలు, వాటిని అరల మీద చూసిన నాలాంటి విద్యార్థులకు ఇప్పటికీ కళ్లముందు కదులుతాయి. ప్రతి చిన్న సాయమూ సాయమే అనే అర్థం వచ్చే నినాదం కూడా ఆ ఏడాదే వచ్చింది. బిల్లు కట్టే వరుసలో మీకు ముందు ఒక్కరికి మించి నిలబడి ఉంటే మరో కౌంటర్ తెరుస్తామని 1994లో చెప్పిన మాట నాకు అన్నింటికన్నా నచ్చుతుంది. వినడానికి ఇది చిన్న విషయమే. కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి వేలాది మంది సిబ్బంది కావాలి, రద్దీ వేళల్లో మేనేజరు సైతం వచ్చి గల్లా దగ్గర కూర్చోవాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొనేవారికి అన్నింటికన్నా విసుగు పుట్టించేది వరుసలో నిలబడటమేనని తెలిశాక, ఆ ఖర్చును లేహీ ఖర్చుగా చూడలేదు.

ఇక క్లబ్‌కార్డు, అంటే కోవెంట్రీలో మేము వాడిన ఆ పాయింట్ల కార్డు. గణితం చదివిన క్లైవ్ హంబీ, ఎడ్వినా డన్ అనే దంపతులు 1989లో డన్‌హంబీ అనే చిన్న సంస్థను పెట్టుకొని, కంపెనీల దగ్గర పోగుపడిన అంకెల్లోంచి అర్థం తీసే పని చేస్తుండేవారు. కొన్ని టెస్కో దుకాణాల్లో ప్రయోగాత్మకంగా ఇచ్చిన కార్డుల లెక్కలను పరిశీలించి, వారు 1994 నవంబరులో బోర్డు ముందు తమ ఫలితాలు పెట్టారు. మూడు నెలల్లో మీరు తెలుసుకున్నది నేను ముప్పై ఏళ్లలో తెలుసుకున్న దానికన్నా ఎక్కువగా ఉండటం నన్ను భయపెడుతోందని ఛైర్మన్ మెక్‌లారిన్ అన్నారట. 1995 ఫిబ్రవరిలో కార్డు దేశమంతటా వచ్చింది. ఒక పౌండు ఖర్చుకు ఒక పాయింటు, అంటే సుమారు నూటికి ఒకటి తిరిగి ఇవ్వడం. సెయిన్స్‌బరీస్ అధిపతి డేవిడ్ సెయిన్స్‌బరీ ఇది పాత గ్రీన్ షీల్డ్ స్టాంపులకు ఎలక్ట్రానిక్ రూపమని తీసిపారేశారు. ఆ ఏడాదే టెస్కో ఆయన సంస్థను దాటి దేశంలో మొదటి స్థానానికి చేరింది, మరుసటి ఏడాది ఆయన సంస్థ కూడా కార్డు తేక తప్పలేదు.

డేవిడ్ సెయిన్స్‌బరీ పొరపాటు ఎక్కడుందో ఆలోచిస్తే ఈ వ్యవహారం లోతు తెలుస్తుంది. స్టాంపు ఇచ్చినప్పుడు దుకాణదారుడు డబ్బు వదులుకుంటాడు, బదులుగా అతనికి ఏమీ తెలియదు. కార్డు ఇచ్చినప్పుడు వదులుకునే డబ్బుకు బదులుగా ఎవరు, ఎప్పుడు, ఏ కొట్టులో, ఏయే వస్తువులు కలిపి కొన్నారో పద్దు మిగులుతుంది. ఆ నూటికి ఒకటిని లేహీ బృందం తగ్గింపుగా లెక్కవేయలేదు, పద్దు రాసినందుకు చెల్లించే కూలిగా లెక్కవేసింది. 1999లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ 670 కోట్ల పౌండ్లు పెట్టి మరో పోటీ సంస్థ ఆస్డాను కొన్నప్పుడు ఈ పుస్తకం విలువ బయటపడింది. అందరూ కొనే అరటిపండ్ల ధర తగ్గిస్తే డబ్బున్నవారికి కూడా తగ్గించినట్టే అవుతుంది. అలాకాకుండా, ధర చూసి కొట్టు మారే కుటుంబాలు ప్రత్యేకంగా ఏయే వస్తువులు కొంటాయో కార్డు లెక్కల నుంచి ఏరి, వాటి ధరలను తగ్గించడానికి వీలైంది. మా పెదనాన్న కూడా అందరికీ ధర తగ్గించేవారు కాదు, చెయ్యి జారిపోతున్న ఖాతాకే బెల్లం ముక్క అదనంగా వేసేవారు.

లేహీ 1997లో ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 41. తరువాతి 14 ఏళ్లలో సంస్థ లాభం ఏటికేడు పెరిగి, 2005లో 200 కోట్ల పౌండ్లు, మరో నాలుగేళ్లకు 300 కోట్ల పౌండ్లు దాటింది. బ్రిటన్ కిరాణా మార్కెట్‌లో మూడోవంతుకు దగ్గరగా వాటా ఆ ఒక్క సంస్థకే దక్కింది. థాయిలాండ్, దక్షిణ కొరియా, పోలండ్, హంగరీ, టర్కీ, చైనా వంటి దేశాలకు దుకాణాలు విస్తరించాయి. మన దేశంలో 2004లో బెంగళూరులో హిందుస్తాన్ సర్వీస్ సెంటర్ అనే కార్యాలయం తెరిచి, ప్రపంచంలోని తన దుకాణాలకు కావలసిన సాఫ్ట్‌వేర్, లెక్కల పనులు అక్కడి నుంచి చేయించడం మొదలుపెట్టారు. కోవెంట్రీలో ఉన్న మా ఐదుగురిలో ఒకడు తిరిగొచ్చాక అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఒకప్పుడు మా పెరుగు లెక్క తీసిన వాళ్ల పక్కన కూర్చొని ఇప్పుడు తాను ఇతరుల లెక్క తీస్తున్నానని నవ్వేవాడు. 2008లో టాటాల ట్రెంట్ సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల స్టార్ బజార్ దుకాణాలకు కూడా టెస్కో అనుభవం తోడైంది.

ఇంత పెద్ద సంస్థను నడిపిన మనిషి ఆడంబరం లేనివాడని ఆయన గురించి రాసినవారందరూ చెబుతారు. ఉత్తర లండన్ అవతల చెషంట్ అనే చిన్న ఊళ్లో, ఏ శోభా లేని భవనంలో ప్రధాన కార్యాలయం ఉండేది. కార్యాలయంలో పనిచేసే పెద్ద ఉద్యోగులందరూ ఏడాదిలో ఒక వారం దుకాణంలో అరలు సర్దుతూ, గల్లా దగ్గర కూర్చుంటూ గడపాలన్న నియమం ఆయన హయాంలో వచ్చింది, దాని నుంచి ఆయనకు కూడా మినహాయింపు లేదు. 2002లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

అయితే ఆ పద్దు పుస్తకంలో కొనేవారి పేర్లే ఉన్నాయి. అమ్మేవారి పేర్లు, పక్క వీధిలోని చిన్న కొట్టు పేరు అందులో లేవు. 2002లో టీ అండ్ ఎస్ అనే చిన్న దుకాణాల గొలుసును కొని, టెస్కో ఎక్స్‌ప్రెస్ పేరుతో వీధి వీధికీ వెళ్లినప్పుడు, ఊళ్లలోని కసాయి కొట్లు, రొట్టెల కొట్లు మూతపడతాయని పలుచోట్ల నిరసనలు వచ్చాయి. ఆయన పదవి దిగిన మరుసటి నెలలోనే, 2011 ఏప్రిల్‌లో, బ్రిస్టల్‌లోని స్టోక్స్ క్రాఫ్ట్ ప్రాంతంలో కొత్తగా తెరిచిన టెస్కో ఎక్స్‌ప్రెస్ మీద అల్లర్లలో దాడి జరిగింది. పెద్ద దుకాణాలు తమకు సరుకు పోసే రైతులతో, తయారీదారులతో ఎలా వ్యవహరిస్తున్నాయో బ్రిటన్ పోటీ కమిషన్ విచారించిన తరువాత, 2010లో అన్ని పెద్ద సంస్థలకూ వర్తించే సరఫరా నియమావళి అమల్లోకి వచ్చింది. కొనేవాడికి మేలు చేస్తే చాలునన్న లేహీ వాదనలో నాకు ఎప్పుడూ ఒక లోపం కనిపిస్తుంది. పాలు కొనేవాడికి పెన్నీ తగ్గినప్పుడు ఆ పెన్నీ ఎవరి జేబులోంచి వచ్చిందన్నది కూడా పద్దులో రాయవలసిన విషయమే.

ఆయన మీద పడిన పెద్ద మచ్చ అమెరికా. 2007 నవంబరులో ఫ్రెష్ అండ్ ఈజీ పేరుతో కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా రాష్ట్రాల్లో దుకాణాలు తెరిచారు. దానికి ముందు జరిగిన కసరత్తు తక్కువేమీ కాదు. టెస్కో మనుషులు అమెరికన్ కుటుంబాల ఇళ్లలో ఉండి, వారి వంటగదులు, ఫ్రిజ్‌లు పరిశీలించారు. లాస్ ఏంజిలెస్‌లో ఒక గోదాములో నమూనా దుకాణం కట్టి, అడిగినవారికి సినిమా సెట్ అని చెప్పారు. అయినా కూరగాయలను ప్లాస్టిక్ పొట్లాల్లో కట్టి అమ్మడం, బిల్లు తామే కొట్టుకొమ్మని యంత్రాలు పెట్టడం అక్కడివారికి రుచించలేదు. కూపన్లు కత్తిరించి దాచుకొని కొట్టుకు వెళ్లే అలవాటున్న దేశంలో మొదట కూపన్లే లేవు, క్లబ్‌కార్డు వంటి పాయింట్ల కార్డూ లేదు. ఆ దుకాణాలకు సారథ్యం వహించిన టిమ్ మేసన్ ఒకప్పుడు క్లబ్‌కార్డును నిలబెట్టినవారిలో ఒకరు కావడం విచిత్రం. పైగా ఇళ్ల ధరలు కుప్పకూలిన ఆర్థిక సంక్షోభం అందరికన్నా ముందు ఆ మూడు రాష్ట్రాలనే తాకింది. సంక్షోభాన్ని ఎవరూ ఊహించలేకపోయారని సర్దిచెప్పుకోవచ్చు. కానీ అతిథిగా నాలుగు రోజులు ఇంట్లో ఉండి వంటగది చూసి రావడం వేరు, ఏళ్ల తరబడి ఆ ఇంటి చీటీ ప్రకారం సరుకు తూచి ఇవ్వడం వేరు. మొదటి పనిని రెండో పనిగా పొరబడటమే అక్కడ జరిగిందని నా నమ్మకం. 2013లో టెస్కో అమెరికా నుంచి తప్పుకునే నాటికి ఆ ప్రయత్నానికి సుమారు 120 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి.

2011 మార్చిలో లేహీ ఫిలిప్ క్లార్క్‌కు బాధ్యతలు అప్పగించి వెళ్లిపోయారు. ఆ వెంటనే పునాదుల్లోని చెదలు కనబడసాగాయి. పెద్ద దుకాణాలు కట్టడానికని కొని, కట్టకుండా వదిలేసిన స్థలాల విలువ పడిపోయిందని 2013లో 80.4 కోట్ల పౌండ్లు కొట్టివేశారు. ఆ స్థలాల్లో చాలావరకు లేహీ కాలంలో కొన్నవే. 2014లో లాభాలను ఎక్కువచేసి చూపిన వ్యవహారం బయటపడింది. ఆ ఏడాది తేల్చిన మొత్తం 26.3 కోట్ల పౌండ్లు. 2015లో సంస్థ సుమారు 640 కోట్ల పౌండ్ల నష్టాన్ని ప్రకటించింది. లెక్కల వ్యవహారం ఆయన దిగిపోయిన మూడేళ్లకు జరిగింది కనుక దాన్ని ఆయనకు అంటగట్టడం అన్యాయం. కానీ 2015 జనవరిలో బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూలో టెస్కో పతనానికి కారణం తన వారసుడి నాయకత్వ లోపమేనన్నట్టు ఆయన మాట్లాడటం నాకు నచ్చలేదు. ఆ వారసుడు ఆయన కిందనే ఏళ్ల తరబడి పనిచేసి, ఆయన హయాంలోనే ఎంపికైన మనిషి. కొరియా, థాయిలాండ్, మలేసియా, టర్కీ, పోలండ్ దుకాణాలను తరువాతి అధిపతులు ఒకటొకటిగా అమ్మేశారు. బ్రిటన్ బయట ఇప్పుడు ఐర్లండ్, హంగరీ, చెక్, స్లొవేకియా మాత్రం మిగిలాయి.

టెస్కో తరువాత ఆయన విశ్రాంతి తీసుకోలేదు. క్లేటన్ డ్యూబిలియర్ అండ్ రైస్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థకు సలహాదారుగా చేరారు. 2012 చివర్లో ఆ సంస్థ బీ అండ్ ఎం అనే చవక సరుకుల గొలుసులో వాటా కొన్నప్పుడు దానికి ఛైర్మన్ అయ్యారు. నష్టాల్లో ఉన్న సుమారు ఇరవై చిల్లర దుకాణాలను కొని వందలుగా పెంచిన సైమన్, బాబీ అరోరా అనే భారత సంతతి సోదరులది ఆ వ్యాపారం. దాని ప్రధాన కార్యాలయం లివర్‌పూల్‌లోని స్పీక్‌లో, లేహీ పెరిగిన కాలనీకి దగ్గరలోనే ఉంది. 2014లో అది లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. నా దృష్టిలో ఆయన రెండో ఇన్నింగ్స్‌లో సాఫీగా సాగిన భాగం ఇదే. బహుశా అక్కడ గల్లా దగ్గర సంగతి తెలిసిన అన్నదమ్ములు ముందే ఉండటం, ఈయన సలహా చెప్పే పెద్దమనిషిగా ఉండిపోవడం అందుకు కారణం కావచ్చు.

2021లో అదే పెట్టుబడి సంస్థ బ్రిటన్‌లోని మరో కిరాణా దుకాణాల గొలుసు మారిసన్స్ మీద కన్నువేసింది. 1899లో బ్రాడ్‌ఫర్డ్ సంతలో గుడ్లు, వెన్న అమ్మే బండితో మొదలైన వ్యాపారం అది. ఫోర్ట్రెస్ అనే మరో సంస్థ కూడా పోటీకి దిగడంతో అక్టోబరు 2న వేలం జరిగింది. ఫోర్ట్రెస్ ఒక్కో వాటాకు 286 పెన్నీలు ఇస్తామంది, లేహీ వైపువారు 287 అన్నారు. ఒక్క పెన్నీ తేడాతో, సుమారు 700 కోట్ల పౌండ్లకు బేరం తెగింది. లేహీ మారిసన్స్ ఛైర్మన్ అయ్యారు. అప్పు చేసి కొన్న సంస్థ కావడంతో, వడ్డీ రేట్లు, ధరలు ఒకేసారి పెరిగిన 2022లో దాని మీద ఒత్తిడి పెరిగింది. ధర చూసి కొనేవారు ఎప్పటిలాగే చవక కొట్టు వెతుక్కుంటూ వెళ్లారు. ఆ సెప్టెంబరులో మారిసన్స్ నాలుగో స్థానం కోల్పోయి ఐదోదైంది. దాన్ని దాటి ముందుకు వెళ్లింది, అంతకు 32 ఏళ్ల ముందు స్టెచ్‌ఫర్డ్‌లో అట్టపెట్టెల్లో సరుకు పెట్టి అమ్మడం మొదలుపెట్టిన ఆల్డీ.